చెవి కాడ నీళ్లు

పొద్దు పొడవకముందే బెళుగుప్ప ఆస్పత్రి వెనక గదిలో
షేకున్‌బీ మేడం ఫ్రీజరు మూత ఎత్తుతాది.
పొయ్యి లేకుండానే పొగ లేస్తాది.
బడి పలకంతంత నీలం డబ్బాలు
ఇటుకల మాదిరి పేర్చి ఉంటాయి.
"ఏరుకో వన్నూరప్పా" అంటాది,
"నాలుగే. మంచివి."

మంచుగడ్డలో మంచీ చెడ్డా ఏముంటాది అనుకుంటి మొదట్లో.
పద్దెనిమిదేండ్లు సైకిలెనక చెక్కపెట్టె కట్టుకొని
పుల్లైసు అమ్మినోణ్ణి.
కళ్యాణదుర్గం ఫ్యాక్టరీలో
రంపంపొట్టు అంటిన దిమ్మెను భుజాన మోసినోణ్ణి.
ఎంత ఉప్పు చల్లితే ఎంత బిగుస్తాదో
నా వేళ్ల పగుళ్లనడగండి.

మొదటి దినం రాళ్ల మాదిరి ఉన్న నాలుగు ఏరి,
ఒళ్లంతా తెల్లగా నూగు పట్టినవాటిని,
అట్లనే పెట్టెలో దింపబోతే
మేడం నా మణికట్టు పట్టుకొనె.
"ఎండ ఒకటే మందును సంపుతాదనుకున్నావా?
ఎక్కువ సలవా సంపుతాది.
ఎండకు పోయిందంటే సీసా మీద గుర్తు నల్లబడి చెప్తాది.
గడ్డకట్టి పోయింది మాత్రం
బతికినట్టే కనపడతాది సామీ."

ఆ పొద్దు నుంచి నేర్చుకుంటి.
మూల చిట్లినవి పక్కకు.
కడుపు ఉబ్బినవి పక్కకు.
మూత మరలు అరిగి కన్నీళ్లు పెట్టుకునేవి పక్కకు.
గీత దాకా నీళ్లున్నవే మనవి.
వాటిని బల్ల మీద పరిచి
చెమట పట్టేదాకా కూసోవల్ల.
ఫ్యాను తిరుగుతాంటాది, మేడం టీ సల్లారుతాంటాది.
తర్వాత ఒక్కోదాన్నీ చెవి కాడ ఊపితే
లోపల గడ్డ చుట్టూ
రవ్వంత నీళ్లు కదిలిన చప్పుడు.
అది వినపడితేనే పెట్టెలోకి.

ఉప్పు సంగతీ చెప్పాల్సిందే.
మే నెల. రాళ్లు పేలే ఎండ.
ఇరవై రెండు కిలోమీటర్ల మట్టిదోవ.
పాత బుద్ధి ఊరుకుంటాదా,
డబ్బాల్లో నీళ్లు నింపేటప్పుడు
ఎవరూ చూడకుండా పిడికెడు పిడికెడు రాళ్లుప్పు వేస్తి.
పొద్దున ఊపితే చప్పుడు బాగానే వచ్చె.
మేడం గూడ విని తలూపె.

తుమ్మచెట్ల మలుపు దాటినాక గుర్తొచ్చె:
నా చెక్కపెట్టెలో ఉప్పునీళ్లు కారుతా ఉన్నా
వేళ్లను కుక్కపిల్ల మాదిరి కొరికేవి.
నీళ్ల చప్పుడే, సలవ మాత్రం గడ్డను మించింది.
ఉప్పు నా చెవికే అబద్ధం చెప్పింది.
టీవీఎస్ బండి వెనక్కి తిప్పితి.

మేడం అరవలేదు.
సీసాలు లెక్కపెట్టి పక్కన పెట్టె.
రిజిస్టరులో కారణం గడి కాడ పెన్ను ఆపితే
"నా పేరే రాయి" అంటి.
రాసె.
ఊర్లో తల్లులు మధ్యాన్నం రెండింటిదాకా
రేకుల షెడ్డు కింద బిడ్డల్ని విసురుకుంటా కూసునిరి.

ఒకప్పుడు నా గంట వింటే పిల్లోళ్లు చెప్పులొదిలి పరిగెత్తి వచ్చేటోళ్లు.
ఇప్పుడు నా బండి చప్పుడు వింటే
అంతే జోరుగా పరిగెత్తి పోతారు.
సూది నర్సమ్మది, చెడ్డపేరు నాది!

మొన్న ఓబుళేశి వచ్చింది, మూడున్నర నెలల బిడ్డతో.
"ఐసన్నా, నీకు ఆరెంజి ఐసు బాకీ ఉన్న్యా, యాదుందా?"
యాదుంది. రెండు రూపాయలు.
ఎర్రగౌను తడుపుకొని, మోచేతి దాకా కారుతా నాకిన పిల్ల.
బిడ్డ తొడకు సూది పడింది.
గుక్కపట్టి నీలబడింది.
తల్లి ఊపె, నర్సమ్మ చిటికెలేసె, ఊహూ.

మందు అయిపోయిన పెట్టెలోంచి
ఒక నీలం డబ్బా తీస్తి.
గడ్డ అంతా కరిగి సగానికొచ్చింది.
గౌరమ్మంత ఆ చెవి కాడ పెట్టి
మెల్లగా ఊపితి.

బిడ్డ ఏడుపు ఆపి
కండ్లు పెద్దవి చేసి
యాడనుంచి వస్తాందా అని
నీళ్లను వినింది.