రసమట్టం

ఇరవై మీటర్ల పొడవులో ఆరు మీటర్ల పల్లం.
కింద ఫ్యోర్డ్, పైన బెర్గెన్ రోడ్డు.
అమ్మినవాడు ఆ వాలుని "దృశ్యం" అన్నాడు,
ధర కూడా దాన్నిబట్టే చెప్పాడు.

ఐలిఫ్ మోకాలు దాన్ని మెట్లు అంటుంది.
పద్దెనిమిదేళ్ళు ఫెర్రీ డెక్కు మీద నిలబడ్డ నా కాళ్ళు
ఏమీ అనవు. వాటికి ఒరగడం అలవాటే.

సున్నివా బల్ల మీద పటం పరిచింది.
ఎత్తు గీతలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ,
ఎవరో కొండ చేత వేలిముద్ర వేయించుకున్నట్టు.
"ఇద్దరికేనా?" పెన్సిల్ ఆపి అడిగింది.
"ఇద్దరికే" అన్నాం, ఒకేసారి.
ఆ రోజంతా మా మాట కలిసింది అక్కడొక్కచోటే.

ముందు పియానో.
ఊరందరి పియానోలకీ శ్రుతి సరిచేసే మనిషి
తనదాన్ని మాత్రం ఇన్నేళ్ళూ
తమ్ముడి పడవల కొట్టంలో గోనెపట్టా కింద ఉంచాడు.
అది రోడ్డు మీంచే రావాలి,
కనక తలుపు పైన,
వంటిల్లు పైన, పాట పైన,
నిద్ర కింద.
తలకిందుల ఇల్లు, అంది సున్నివా, సంబరంగా.
రోజూ నిద్రలోకి పదకొండు మెట్లు దిగాలి.
నేను ఐలిఫ్ మోకాలి వంక చూశాను,
అతను కిటికీ వంక చూశాడు.

తర్వాత బండ.
స్థలం నడుమ, ఆవు పడుకున్నంత.
మందు పెట్టి పేలిస్తే ఒక్క పూట పని, అన్నాడు యంత్రాలవాడు.
నిజానికి చవక కూడా.
నేను దాని మీద కూర్చుని రొట్టె తిన్నాను.
మధ్యాహ్నం గంటసేపు కాసిన ఎండని
చీకటి పడేదాకా పట్టుకునే ఉంది.
పోనీ, గోడే పక్కకి జరగనీ అన్నాను.
ఇప్పుడు పటంలో పడగ్గది మూల
బండ భుజం లోపలికొచ్చి ఉంటుంది.

రోడ్డవతల బోర్గ్‌హిల్డ్ గారికి ఎనభై నాలుగు.
ఆవిడ కుర్చీలోంచి లైట్‌హౌస్ కనిపిస్తుంది.
మా కప్పు గీసినట్టే లేస్తే కనిపించదు.
పొడుగు కర్రలు పాతి, మధ్యన తాడు లాగి,
ఆ కుర్చీలో నేను కూర్చుని చూశాను.
తొంభై సెంటీమీటర్లు.
ఇంటిని అంతమేరా కొండలోకి దించాం.
తవ్వకం ఖర్చు ఐలిఫ్ లెక్కేశాడు, నాకు చూపించలేదు.
ఆవిడ థాంక్స్ చెప్పలేదు. చీటీ పంపింది:
"పడమటి మూల తలుపు పెట్టొద్దు.
మంచు కరిగే నెలలో నీళ్ళు అటే నడుస్తాయి.
అరవై ఏళ్ళుగా చూస్తున్నా."

నీరు పల్లమెరుగు.
సున్నివా కంప్యూటర్ ఎరగదు.
తలుపు తూర్పుకి మారింది,
తలుపుతో మెట్లు, మెట్లతో పియానో,
పియానోతో మా పోట్లాట.
పెద్ద కిటికీ ఎటు? రెండు రోజులు మాటల్లేవు.
తీగల మీద ఎండ పడకూడదు, అతనికి.
నాకు ఫెర్రీ కనిపించకూడదు,
ఇంటికొచ్చి కూడా ఆఫీసేనా?
ఇద్దరం అడుగుతున్నది ఉత్తరపు గోడే అని
మూడోరోజు చేపల పులుసు దగ్గర తెలిసింది.

ఆదివారం గూటాలు పాతి దారం కట్టాం.
వాన. ఇక్కడ వాన వార్త కాదు.
దారపు గడప దాటి, దారపు వంటింట్లో నిలబడ్డాం,
ఒక కాలు పైన, ఒక కాలు కింద.
ఐలిఫ్ గడ్డి మీద రసమట్టం పెట్టాడు.
బుడగ ఓ చివరికి పోయి నక్కింది.
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు,
కింద నా చేతి తొడుగు మడిచి పెట్టాడు,
దాని మీద తనదీ పెట్టాడు.
బుడగ కొంచెం కదిలింది.

నేను సంచిలోంచి నారింజ తీశాను.
తడి చేయి, జారింది.
వంటింట్లోంచి దొర్లి
ఇంకా లేని పదకొండు మెట్లూ దిగి
పడగ్గదిలో బండ భుజానికి తగిలి
దారం కింద నుంచి ఫ్యోర్డ్ వైపు.
"అక్కడ గోడొస్తుందిలే" అన్నాడు.
అప్పటికే నేను దాని వెనక పడ్డాను.
పైనుంచి కేక వినిపించింది:
"గున్‌వోర్! పడగ్గదిలోకి బూట్లతోనా!"