రంజకం తడవకుండా

పెన్సిల్వేనియా కొండల్లో జనవరి.
వానా కాదు, మంచూ కాదు,
ఎటూ తేల్చుకోలేని నీళ్ళు.
హెమ్లాక్ కొమ్మల కింద గొంతుక్కూర్చుని
తుపాకీని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాను,
జ్వరమొచ్చిన పిల్లను పెట్టుకున్నట్టు.

పొద్దున ఒక గుండు దండగైంది.
తెల్లతోక ఎత్తి వాగు దాటిన జింక
ఇక కనబడలేదు.
గొట్టం నిండా మురిగిన కోడిగుడ్ల వాసన.
నల్లమందు మసి ఊరికే ఉండదు,
గాల్లో తడిని పిలిచి పీట వేస్తుంది.
ఇద్దరూ కలిసి పొద్దుగూకేలోపు
ఇనుమును కొరికేస్తారు.

అందుకే ముందు ఉమ్మి.
నవ్వకు, ఎమరీ.
నీ సంచిలో సీసాలున్నాయి, నాకు నోరుంది.
గుడ్డపేలిక నాలుక మీద తడిపి
గజం మొనకు చుట్టి లోపలికి తోస్తే
మొదటిది బొగ్గులా వస్తుంది,
రెండోది వాగు అడుగు బురదలా,
మూడోది మా లొరైన్ కాఫీలా.
నాలుగోది పొడిది. ఐదోదీ పొడిదే.
ఆరోది ఎందుకో నాకూ తెలీదు,
చేతి అలవాటు.

తర్వాత చెవి.
గొట్టం పక్కన ఆవగింజంత చిల్లు,
నిప్పు చెప్పేది మందుకి వినబడేది అందులోంచే.
టర్కీ కోడి ఈక మొనతో మెల్లగా తిప్పుతుంటే
కళ్ళు మూతపడేది నాకు.

మందు పోసి, గుండు దించి,
గిన్నెలో చిటికెడు రంజకం చల్లి మూత వేస్తాను.
తేనెమైనం, గొర్రెకొవ్వు కలిపిన ముద్ద
చలికి రాయైంది.
చంకలో కాసేపు దాచి, మెత్తబడ్డాక
మూత అంచు చుట్టూ మెత్తుతాను.
దాని మీద తోలు గొడుగు.
లొరైన్ బూటు కోసి కుట్టిందది,
అడక్కుండా కోశాను,
నాలుగు రోజులు మాటల్లేవు.

పోయినేడు ఇవేవీ లేవు.
ఇదే వాగు, ఇరవై అడుగుల దూరం,
ఆడజింక పక్కకి తిరిగి నిలబడింది.
తుపాకీ గుర్రం వదిలాను.
చెకుముకి రాయి ఉక్కును గీరింది.
టప్.
అంతే. రంజకం అంబలైపోయింది.
జింక తలెత్తి నన్ను చూసింది.
పారిపోయినా బాగుండేది,
మళ్ళీ తలదించి మేసుకుంది.

రాత్రి చెక్కగుడిసెలో పొయ్యి ఎర్రగా మండుతుంటే
ఎమరీ జాలిపడి తుపాకీని లోపలికి తేబోయాడు.
వద్దని అరిచాను.
రంజకం తుడిచేసి, చెవిలో ఈక బిరడా పెట్టి
బయటే ఉంచాను, చూరు కింద, చలితో.
వెచ్చన తగిలిందో ఇనుముకి ముచ్చెమటలు పోస్తాయి,
లోపలి మందు దాకా.
రెండింటికి లేచి లాంతరుతో వెళ్ళి
ఈక కదిలిందేమో తడిమి చూశాను.
తిరిగొచ్చేసరికి ఎమరీ గురక
మరీ తాళం తప్పకుండా వినబడింది.

మర్నాడు చివరి రోజు.
ఒక్క గిట్ట జాడ లేదు.
మందు నిండిన గొట్టంతో ఇంటికి వెళ్ళలేం కదా,
చీకటి పడేముందు బురదగట్టుకి గురిపెట్టి
తోలు తీశాను.
రెండు రోజుల ముసురులో నానిన చేతులతో,
కిందటేటి ఆ టప్ చప్పుడు చెవిలో పెట్టుకుని
గుర్రం వదిలాను.

ధన్!
తొలి నిప్పుకే.
అవతలి కొండ ఉలిక్కిపడి తిరిగి అరిచింది.
పొగ వాన కింద తెల్లగా నిలబడిపోయింది,
ఎటు పోవాలో తోచనట్టు.

ఎమరీ గట్టు దాకా నడిచి, వంగి, చిల్లులో వేలు పెట్టి
"చచ్చింది పాపం" అన్నాడు.

నేనేమీ అనలేదు.
అప్పటికే నా నోట్లో గుడ్డపేలిక ఉంది.