పేరు తెలియని గడి

నల్ల సముద్రం కనబడే కొండ అంచున, కొయ్యబల్ల మీద
నా పని లెక్క రాయడం.
చూసేవాళ్లు అరుస్తారు, నేను గీతలు గీస్తాను.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం: ఐదు గద్దలు.
సెప్టెంబరులో బటూమి మీదుగా ఆకాశం దక్షిణానికి కదిలేటప్పుడు
ఒక్కోరోజు పెన్సిలు మూడుసార్లు చెక్కాలి.

ఎడమపక్కన జుంబెర్ తాత.
మెడలో ఆయన పెళ్లికంటే పాత దుర్భిణి.
తోలుపట్టీ తెగితే చేపలవల తాడు కట్టుకున్నాడు.
ఎడమ గాజుకి బూజు పట్టింది,
ఎడమ కంటికి శుక్లం పట్టింది.
"రెండూ ఒకేవైపు పాడయ్యాయి, అదృష్టం" అంటాడు.

కుడిపక్కన ఆంట్వెర్ప్ కుర్రాడు లీవెన్.
అతని దుర్భిణి చూడదు, చదువుతుంది.
మీట నొక్కితే పిట్ట చుట్టూ ఎర్రని వలయం,
కింద పేరు, పేరు పక్కన నమ్మకం.
తేనెగద్ద, తొంభై ఏడు శాతం.
రాత్రి దానికి కరెంటు పెట్టాలంటే
మా అమ్మ ఫ్రిజ్ తీగ పీకాలి.

మొదటివారం నేను తాత పక్షం. దాచను.
"పిల్లిగద్ద. రెక్కలెత్తి, ఆరేసిన చొక్కాలా ఊగుతోంది చూడు"
అని ఆయనంటే
ఆ చొక్కా నాకూ కనబడేది.
శాతాలు ఎప్పుడైనా ఊగాయా?

పదకొండో తారీఖున
తాత నల్లగద్ద అన్నదాన్ని
యంత్రం చుక్కలగద్ద అంది.
బొమ్మ పెద్దది చేసి చూశాం. యంత్రమే నిజం.
తాత మారు మాట్లాడలేదు.
జేబులోంచి అక్రోటు తీసి, రాతి మీద పగలగొట్టి,
గింజ లీవెన్ చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం మబ్బు కొండ మీదికి దిగింది.
గద్దలు ఎక్కడో చెట్లలో కూర్చున్నాయి.
తాత ఆ యంత్రాన్ని అడిగి తీసుకుని
నావైపు తిప్పాడు.
"ఏమంటోంది?"
"ఏమీ అనడం లేదు. నీకు రెక్కల్లేవని తెలిసిపోయింది."

తర్వాత తన దుర్భిణి లీవెన్‌కిచ్చి
ఉప్పు అందించమన్నంత మామూలుగా అన్నాడు:
"ఇది తుపాకీతో పాటు కొన్నాను.
ఇందులో దగ్గరైనవి చాలామటుకు
సాయంత్రానికి కుండలో ఉడికాయి.
నీదానికి పేర్లు తెలుసు, నాకు రుచులు తెలుసు.
కొవ్వుపట్టింది బరువుగా మలుపు తిరుగుతుంది.
అట్లా నేర్చుకున్నా.
ఇంకోలా నేర్పినవాడు లేడు."

నేనేమో ఆ పాత గాజుని
ఇన్నాళ్లూ దేవుడి పటంలా చూశాను.
లీవెన్ దాన్ని వెంటనే తిరిగివ్వలేదు.
ఒంటికంటితో, చాలాసేపు,
ఖాళీ మబ్బునే చూస్తూ ఉండిపోయాడు.

ఆరుంబావుకి మబ్బు కొంచెం చిరిగింది.
నీళ్లకు కాస్త ఎత్తున, ఒంటరిగా ఒకటి.
యంత్రం వలయం వేసింది, తీసింది, మళ్లీ వేసింది.
నలభై ఒకటి. ముప్పై ఎనిమిది.
తాత మంచి కన్ను చికిలించాడు.
"తెలీదు."
ఆయన నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు.
లీవెన్ కూడా, తనవంతుగా, తల అడ్డంగా ఊపాడు.

పుస్తకంలో అన్నిటికన్నా కుడివైపున
పేరు తెలియనివాటికి ఒక గడి ఉంది.
అందులో ఒక గీత గీశాను, నిలువుగా.
అడ్డగీతకి
ఇంకా నాలుగు రావాలి.