గాలి నిలబడాల

మొదటి రోజే తప్పు చేసినా.
గట్టి స్ప్రింగు తెప్పించి
బొమ్మ తుపాకి కడుపులోకి తోసేసినా.
మూడో గుంజుడుకే
ట్రిగ్గరు పైనుండే కొక్కెం
పప్పుచెక్క మాదిరి విరిగె.
పాతకాలం ప్లాస్టిక్కు. పాపం,
దానికొక మాట చెప్పకుండా
బరువు పెంచితిని.

మళ్ళీ జీతం దాకా ఆగి
ఇనుప కొక్కెం, ఇత్తడి పిస్టన్ తల,
వెంట్రుకంత సన్నం చేసిన లోపలి గొట్టం,
గుండును వెనక్కి తిప్పి వదిలే
చిటికెనేలి గోరంత రబ్బరు.
మా యమ్మ పట్టి పట్టి చూసి,
"పైన రంగన్నా మారలేదే,
అంత లెక్క యాడబోయిందే వేణీ?"

అన్నీ మార్చినా
ఇరవై మీటర్లకే గుండు తల వాల్చేస్తాంది.

కొర్లగుంట మూలమీద
చెంగల్రాయుడు మామ సైకిలంగడి.
ట్యూబుల్లేని టైర్లొచ్చినాక
ఆడ పనికన్నా పేపరు చదివేదే ఎక్కువ.
తుపాకిని చూసి నవ్వలే ఆయన.
సిలిండరు మాత్రం ఊడదీయించి
మూతిని బొటనేలితో మూసి
"తొయ్యి" అన్నె.
తోసినా. జారిపొయ్యింది.
"పోగూడదు. నిలబడాల.
పంపే గదమ్మా ఇది,
పేరు మార్చి రేటు పెంచినారు."

పంక్చర్ల తొట్టిలో ముంచినాడు.
బూడిద రంగు నీళ్ళలో
ఒకటి, ఇంకొకటి, ఆనక వరసగా
బుడగలు.
తొమ్మిదొందలు పోసిన ఇత్తడి తల
మెడకాణ్ణించే!
కొళాయికి చుట్టే తెల్ల టేపు
రబ్బరు రింగు కింద రెండు చుట్లు.
తుడిచి, ఆరబెట్టి, గ్రీజు ఒక చుక్క.
ఈసారి మూసింది నా వేలు.
లోపల గాలి
లేగదూడ ముట్టె మాదిరి
ఎదురు తోసింది.

పంక్చరు లెక్కే తీసుకున్నె.

ఆదివారం కరకంబాడి కంకర గుంతలో
కండ్లద్దాలు బిగించుకోని పండుకున్నా.
మోచేతుల కింద రాళ్ళు సుర్రుమంటాండాయి.
యాభై మీటర్ల అవతల
ఖాళీ పౌడరు డబ్బా.
ఇన్నాళ్ళూ తుపాకి సద్దే విన్నా నేను.
ఆ పొద్దు
డబ్బా సద్దు విన్నా.

చెప్పాలని అంగడికి పరిగెత్తితే
ఎవురిదో పిలకాయ సైకిలు ట్యూబు
తొట్టిలో తిప్పుతా, తలెత్తకుండానే మామ,
"రవంత ఉండు. ఈడ ఏందో
ఊపిరి వదల్తాండాది."