గీతకి ఇవతల

వన్‌టౌన్‌లో మా పోర్టికోకి
నాలుగు స్తంభాలున్నాయి, తలుపు లేదు.
తెల్లారేసరికి గచ్చు మీద
హార్బరు బొగ్గుపొడి.
పోలమ్మ అది ఊడ్చి, గోనె పరిచి
ఎండు నెత్తళ్లు పోస్తుంది.
అద్దె అడగాలని తాతకి తోచలేదు,
నాన్నకి తోచింది గానీ నోరు రాలేదు.

వానొస్తే పోస్ట్‌మ్యాను, రెండు మేకలు,
గొడుగు ఉండీ తెరవని ఒక జంట.

పొద్దున రోడ్డు వెడల్పు వాళ్లొచ్చి
గచ్చుకి అడ్డంగా ఎర్ర గీత లాగిపోయారు.
నాన్న దస్తావేజులు వెతుకుతున్నాడు.
పోలమ్మ గీతని కాలి బొటనవేలితో తాకి
“ఇంకా ఆరనేదు” అని
బుట్ట జానెడు లోపలికి జరుపుకుంది.
“నీ బండి కూడా తియ్యి బాబూ,
మడుసులకి జాగా సాల్దు.”

సాయంత్రం డాల్ఫిన్ నోస్ కనబడనంత వాన.
అందరం గీతకి ఇవతలే ఇరుక్కున్నాం.
మేకలు మాత్రం గీత మీదే పడుకున్నాయి,
పొట్టలకి ఎరుపంటించుకుని.