గడ్డ పేరు హమీద్

నాలిక కొనకు ఎడమ పక్క కందిగింజంత ఉన్నప్పుడు
అన్నంలో రాయి కొట్టిందనుకున్నా.
రేగ్గింజంత అయినాక
జహ్రా క్యాంపులో నా ముందర ఎవరూ దాని ఊసెత్తలేదు.
"గుట్కా మానమంటే విన్యావా రెడ్డెప్పా" అన్నాడొకడు, అంతే.

నొప్పి లేదు.
నొప్పి లేకపోవడమే భయం.
టాంకరుకు నీళ్ళు పడుతున్నంతసేపూ పంటితో తడిమేవాణ్ణి,
జారేది, మళ్ళీ వచ్చేది,
జేబులో గోలీ మాదిరి.

ముందుగా పోయింది ళ.
నా పెండ్లాం పేరు అంకాళమ్మ.
ఎనిమిది నెలలు ఫోన్లో "ఏమే" అనే పిలిచినా.
"పేరుకు గూడా నోరు రాలేదా, అక్కడెవతన్నా ఉండాదా?
నరం లేని నాలిక, ఎటైనా తిరుగుతాది" అనింది.

ఫర్వానియాలో పండ్ల డాక్టరమ్మ హనాన్, ఈజిప్టామె,
రెండు వేళ్ళ నడుమ పట్టి కదిలించి చూసింది.
దవడ కింద, మెడ పొడుగునా వెతికింది.
కొవ్వు కావచ్చు, రక్తనాళాల ముడి కావచ్చు,
కోసి చూడకుండా పేరు పెట్టలేనంది.
ఆమె అరబ్బీ కొట్టాయం షైనీ నోట్లో హిందీ అయ్యి
నా తలకాయలో తెలుగయ్యేసరికి
సూది పడనే పడింది.

నాలిక నాది కాకుండా పోయింది.
దానికో దారం కట్టి బయటికి లాగి పట్టినారు.
పొర చిట్లకుండా, నేరేడు కండలోంచి గింజ తీసినట్టు
తీసి సీసాలో వేసినారు.
మూడు కుట్లు. పది దినాలు గంజి.

"హమీద్" అనింది, కాగితం చూసి.
మా ఊరి సైకిళ్ళ హమీద్ గుర్తొచ్చి "ఎవరు?" అన్నా.
షైనీ నవ్వింది. చంపని గడ్డను అట్లంటారంట.
చంపేదైతే ఖబీస్.
ఆ మాట నాకు తెలుసు,
మస్తాన్‌బీ మేకను తిట్టే మాట.

తెర మీద చూపించింది:
ఊదా చుక్కలు వరస, నడుమ ఖాళీ, మళ్ళీ వరస.
వాన పడిన ఏడు సెనక్కాయ సాళ్ళు.
నరం తొడుగులో పుట్టిందంట, నోట్లో అరుదంట.
నరం!

ఆ రాత్రే ఫోను చేసినా.
"అంకా" దగ్గర కుట్లు లాగినాయి.
"ఉండాదన్నమాట నరం" అనింది, కొంచేపటికి,
"ఎనిమిది నెల్లు నాకు చెప్పేదానికే లేకపాయె."

చిల్లిగవ్వంత చోటు ఇంకా మొద్దు.
ఉప్పు ఆ పక్క తెలీదు.
తెలీకుండానే ఉండొచ్చంట.
పంపు మోతలో ఎవరికీ వినపడకుండా
కళ్ళు, రాళ్ళు, నీళ్ళు, అనుకుంటా.
నీళ్ళు ఒక్కోసారి వస్తాది.
పేరు ఇంకా రాలేదు.