పన్నెండో చెంచా

వస్తువుని ముందు తిరగేస్తాను.
ముఖం ఎవరైనా కడుక్కుంటారు,
వయసు తెలిసేది అడుగున.
దొంగ అరుగుదల కంటికి ఆనే చోట ఉంటుంది,
అసలు అరుగుదల బొటనవేలు ఆనే చోట.
ముప్పై ఆరేళ్లలో నేను నేర్చిన విద్య ఇంతే.
మిగతాదంతా తూకం.

టిబిలిసిలో, వంతెన దిగువ సందులో నా గది.
ఒక బల్ల, మెడ వంచే దీపం, త్రాసు,
కంటికి ఇరికించుకునే చిన్న భూతద్దం.
పోయిన సైనికాధికారుల పతకాలు తెస్తారు,
కెమెరాలు, సమోవార్లు,
వెండి తొడుగు వేసిన ద్రాక్షసారా కొమ్ములు.
"మా ముత్తాత రాకుమారుడు" అంటారు ప్రతి రెండోవాళ్లూ.
రాకుమారులు కానివాళ్ల మునిమనవలంతా
ఈ ఊరొదిలి ఎటు పోయారో మరి.

ఇవాళ పొద్దున, చూరు మంచు కరిగి కారుతుంటే
ఒకామె వచ్చింది. పేరు మ్జేకాలా.
తడి గొడుగు గుమ్మం అవతలే ఆనించి
రుమాలు మడతలు విప్పింది.
ఒక్క చెంచా.

"ఒంటి చెంచాకి వెండి ధరే వస్తుందమ్మా."
అలవాటు మాట, నన్నడక్కుండానే నోరు అనేసింది.
నలభై ఏడు గ్రాములు. ఎనభై నాలుగు ముద్ర.
కాడ మీద రెండక్షరాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని.
కొసన సన్నటి నొక్కులు, నాలుగో అయిదో.
"దెబ్బతిన్నది" అని రాయబోయి
అద్దం కంట్లోంచి తీసేశాను.

తొంభై మూడు చలికాలం.
కరెంటు లేదు. రొట్టె కోసం రాత్రి నుంచే వరస.
కిరసనాయిలు కంపు కొట్టని కోటు లేదు ఊళ్లో.
జనం ఇళ్లని ముక్కలు ముక్కలుగా
నా బల్ల మీదికి మోసుకొచ్చేవారు.
పియానో మోయలేనివాళ్లు దాని కొవ్వొత్తి పిడులు తెచ్చేవారు.
ఒకావిడ, చేతులకి మగవాడి తొడుగులు,
పదకొండు చెంచాలు పరిచింది. ఇవే అక్షరాలు.
"పన్నెండోది?"
"లేదు."
"పన్నెండుంటే సెట్టు. పదకొండంటే వట్టి వెండి."
ఆవిడ బేరమాడలేదు.
మూడో వంతు కోశాను.
న్యాయమే. పుస్తకంలో రాసున్న న్యాయమే.
ఎండలు రాకముందే ఒక విదేశీయుడు
ఆరింతలిచ్చి పట్టుకుపోయాడు,
"పదకొండా! భలే ఉందే!" అని నవ్వుకుంటూ.

"నాకప్పుడు రెండేళ్లు," అంటోంది మ్జేకాలా,
"ఒకటే దగ్గు. దీంతో తప్ప మందు తాగేదాన్ని కాదట.
కొరికి పట్టుకుంటే వదిలేదాన్ని కాదట.
మిగతావి ఏమయ్యాయో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.
అడుగుదామంటే ఇప్పుడు లేదు."

ఏమయ్యాయో నాకు తెలుసు.
నాలిక లేచింది కూడా.
గొడుగు నీళ్లు తలుపు కింద నుంచి పాక్కుంటూ వచ్చి
నా బూటు దగ్గర ఆగాయి.
చెప్పలేదు.

"అమ్ముతారా?"
"అబ్బే. తమ్ముడితో పంపకాలు జరుగుతున్నాయి.
ప్రతిదానికీ అంకె వేయాలట."

కాగితం మీద రాశాను:
వెండి చెంచా, ఒకటి. పన్నెండులో పన్నెండోది.
కొసన పాలపళ్ల గుర్తులు. అసలువి.
ధర గడి దగ్గర కలం చాలాసేపు నిలబడింది.
చివరికి వెండి ధరే వేశాను.
ఎక్కువ వేస్తే
తమ్ముడికి ఆమె బాకీ పడుతుంది.
ఒకప్పుడు తల్లిని ముంచిన అంకె,
అదే,
ఇవాళ కూతురికి మేలు చేస్తోంది.
లెక్క సరిపోయిందని మాత్రం అనుకోలేకపోయాను.

చదువుకుని తలెత్తింది.
"పన్నెండని మీకెలా తెలుసు?"
"ఈ రకం డజన్లలోనే చేసేవారు," అన్నాను.

ఫీజు తీసుకోలేదు.
అదెందుకని మాత్రం అడగలేదు.
రుమాలు నాలుగు మడతలూ వేసి,
పసిపిల్లకి పక్క సర్దినట్టు ఒకసారి తట్టి,
లేచింది.